బలపం నుంచి యురేనియం దాకా: వేంపల్లె రాయి కథ

బలపం తినని వాళ్ళు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా? నేనైతే తిన్నాను. ఒకటో తరగతిలో పలక మీద దిద్దింది ఎంతో, నమిలింది దాదాపు అంతే. అయ్యవారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. ఇంట్లో చూస్తే కడుపులో పాములు పడతాయని బెదిరించేవాళ్ళు. అయినా ఆ మట్టి వాసనా, పంటి కింద పిండిలా విడిపోయే మెత్తదనమూ మానుకోనిచ్చేవి కావు.

స్వర్ణోత్సవ సంచికకు రసాయనశాస్త్రం మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ బలపమే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పినవాణ్ణి కాబట్టి నత్రజని గురించో ప్లాస్టిక్ గురించో రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. కానీ మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు ఏ రసాయనం గురించి చెప్పాలన్నా దూరం పోనక్కర లేదు. కాళ్ళ కింద ఉంది. అందులోనూ ఒకే ఒక రాతిపొర నుంచి వచ్చిన నాలుగు పదార్థాలు ఉన్నాయి. ఒకటి బడికి పోయింది, ఒకటి ఆసుపత్రికి పోయింది, ఒకటి ఇంటి కప్పుల మీదికీ మనుషుల ఊపిరితిత్తుల్లోకీ పోయింది, నాలుగోది అణువిద్యుత్ కేంద్రాలకు పోతోంది.

ఆ రాతిపొర పేరు వేంపల్లె. అవును, మన వేంపల్లెనే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. కొండలెక్కి, వాగులు దాటి పొరలన్నీ వరసపెట్టి, ఏ పొర ఎక్కడ బాగా కనిపిస్తే దానికి ఆ ఊరి పేరు పెట్టాడు. అలా వేంపల్లె, పులివెందుల, పాపఘ్ని ప్రపంచ భూగర్భశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కాయి. గువ్వలచెరువు అంటే మనకు పాలకోవా. భూగర్భశాస్త్రజ్ఞులకు మాత్రం అది వేంపల్లె పొర కింద ఉండే గట్టి ఇసుకరాయి. వాళ్ళ పలుకుబడిలో అది ‘గుల్చేరు’ అయిపోయింది. కోవా సంగతి కింగ్ దొరకు తెలిసుంటే ఆ పేరును ఇంకాస్త శ్రద్ధగా రాసేవాడేమో.

వేంపల్లె పొరలో ముఖ్యమైనది డోలమైట్. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. ఆ నీళ్ళలో పెరిగిన సూక్ష్మజీవుల తెట్టెలు పొరలు పొరలుగా రాయి అయిపోయాయి. ఇప్పటికీ ఆ బండల్లో గోపురాల్లాంటి వంకర గీతలు కనిపిస్తాయి. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్ అయితే, డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. ఈ కథంతా ఆ మెగ్నీషియంతోనే మొదలైంది.

రెంటికీ తేడా తెలుసుకోవాలంటే మన పదో తరగతి ప్రయోగం చాలు. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే నల్లటి కడప బండ మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. చర్రున పొంగుతుంది. అది నార్జి సున్నపురాయి. అదే చుక్కను వేంపల్లె డోలమైట్ మీద వేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. రాయిని గీకి పొడి చేసి వేస్తే అప్పుడు నిదానంగా బుడగలు వస్తాయి. ఒకే ఆమ్లం, రెండు జవాబులు. చుక్క వేసి గుణం తెలుసుకోవడం ప్రొద్దుటూరు వాళ్ళకు నేను నేర్పేదేమీ కాదు. బంగారం అంగళ్ళలో తరతరాలుగా జరుగుతున్నది అదే. గీటురాయి మీద నగను గీసి, ఆ గీత మీద నత్రికామ్లం తగిలిస్తే రాగి, వెండి ఎక్కువున్న గీత కరిగిపోతుంది, మేలిమి గీత నిలుస్తుంది.

సున్నపురాయి కథను తొందరగా దాటేస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిందే. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాల్లో కలిసిపోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. తాంబూలంలో వేసుకున్నా, గోడకు పూసినా, ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల దగ్గర కాల్చి సిమెంటు చేసినా మొదటి మెట్టు ఇదే. వేంపల్లె డోలమైట్ సిమెంటుకు పనికిరాదు. మెగ్నీషియం ఆక్సైడ్ ఎక్కువైతే, కట్టిన గోడలో ఏళ్ళ తర్వాత నీరు పీల్చుకుని ఉబ్బి పగుళ్ళు తెస్తుంది. ఇలా సిమెంటు వాళ్ళు వద్దన్న ఆ మెగ్నీషియమే మన పలక మీదికి వచ్చింది.

ఎలాగంటే, సముద్రం పోయిన చాలా కాలానికి, భూమి లోపలి నుంచి కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి డోలమైట్ పొరల మధ్య పలకల్లా చొచ్చుకుపోయింది. అది జరిగి సుమారు 190 కోట్ల ఏళ్ళు. ఆ వేడికి, వేడినీళ్ళకు, సిలికాకు డోలమైట్‌లోని మెగ్నీషియం తోడై కొత్త ఖనిజాలు పుట్టాయి. వాటిలో ఒకటి బలపపు రాయి. రసాయనంగా ఇది నీరు చేరిన మెగ్నీషియం సిలికేట్. తాడిపత్రి, బేతంచెర్ల వైపు ఇదే పొరలో దీన్ని తవ్వుతారు. బలపం ఎందుకంత మెత్తన? దాని అణువులు ఒకదాని మీద ఒకటి పేర్చిన కాగితాల్లా ఉంటాయి. కాగితానికీ కాగితానికీ మధ్య పట్టు చాలా తక్కువ. పలక మీద రాసినప్పుడు ఆ పొరలు జారి అంటుకుంటాయి. మొహానికి రాసుకునే టాల్కం పౌడరు నునుపు కూడా అదే.

రెండోది రాతినార. దానికి ఆస్‌బెస్టాస్ అనే పేరు వచ్చాక రాతినార అనే చక్కని మాటను మరిచిపోయాం. మన ప్రాంతంలో దొరికే రకం పేరు క్రిసోటైల్. రసాయనంగా చూస్తే ఇది బలపానికి తోడబుట్టింది. మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్, ఇవే నాలుగు మూలకాలు రెంటిలోనూ. పాళ్ళు వేరు, అమరిక వేరు. రాతినారలో ఒక పక్క సిలికా పొర, రెండో పక్క మెగ్నీషియం పొర అతుక్కుని ఉంటాయి. రెండింటి కొలతలు సరిపోవు. అంచు బిగుసుకున్న కాగితంలా ఆ జంట పొర తనంతట తానే చుట్ట చుట్టుకుంటుంది. కంటికి కనిపించనంత సన్నని గొట్టం అవుతుంది. అలాంటి గొట్టాలు కోట్ల కొద్దీ కలిస్తే దూదిలాంటి నార.

దూదిలా ఉండి కాలని వస్తువును చూస్తే ఎవరికైనా ముచ్చటే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా లండన్ వెళ్ళినప్పుడు తన వెంట ఒక రాతినార సంచి తీసుకుపోయాడు. డబ్బు అవసరమై 1725లో దాన్ని హాన్స్ స్లోన్ అనే సేకర్తకు అమ్ముకున్నాడు. ఆ సంచి ఇప్పటికీ లండన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది. పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె రాతినార గురించి లోకానికి వివరంగా చెప్పింది ఎ. ఎల్. కౌల్సన్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున దత్తమండలాల్లో తిరిగి 1933లో ముగ్గురాయి మీద, 1934లో రాతినార మీద ఆయన నివేదికలు ప్రచురించాడు. ఎక్కడ ఎంత మందాన నార ఉంది, ఎలా తవ్వాలి అన్నది వాటి సారాంశం.

ఇక్కడ తేదీలను కొంచెం జాగ్రత్తగా చూడమని కోరుతున్నాను. ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఊళ్ళో నెల్లీ కెర్షా అనే మహిళ చిన్నతనం నుంచి రాతినార మిల్లులో నూలు వడికి, 1924లో 33 ఏళ్ళ వయసులో చనిపోయింది. డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినిలో చూసి, వాటిలో నార ముక్కలు దిగబడి ఉన్నాయని అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులు నివేదిక ఇచ్చారు. పరీక్షించిన 363 మంది కార్మికుల్లో 95 మందికి ఆ జబ్బు కనిపించింది. 1931లో బ్రిటన్ తన కర్మాగారాల్లో రాతినార దుమ్మును అదుపు చేస్తూ నిబంధనలు తెచ్చింది. అంటే బ్రాహ్మణపల్లె నార మీద నివేదిక అచ్చయ్యేనాటికి, ఆ నివేదికను వేసిన ప్రభుత్వానికి పైనున్న ప్రభుత్వానికి ఈ దుమ్ము మనిషిని ఏం చేస్తుందో తెలుసు. ఆ నిబంధనలు బ్రిటన్ గడ్డకే. గని గోతిలో రాయిని పగలగొట్టి, వేళ్ళతో నార విడదీసిన పులివెందుల కూలీలకు అవి వర్తించలేదు.

నార లోపలికి పోతే ఏమవుతుంది? బలపం పొర కడుపులోకి పోతే బయటికి పోతుంది. నార ముక్క ఊపిరితిత్తి చివర్లో సూదిలా ఇరుక్కుంటుంది. శరీరం దాన్ని తినేయాలని చూసి, తినలేక, చుట్టూ మచ్చ కడుతుంది. అలాంటి మచ్చలు పెరిగి పెరిగి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. కొందరికి క్యాన్సర్ వస్తుంది. ఇదంతా బయటపడటానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు పడుతుంది. అప్పటికి గని మారిపోయి ఉంటుంది, మేస్త్రీ పోయి ఉంటాడు, కూలీ ముసలివాడై ఉంటాడు. దగ్గును క్షయ అనుకోవడం, బీడీ అలవాటు అనుకోవడం సులువు. పని మానేసిన ముప్ఫై ఏళ్ళకు వచ్చే జబ్బుకు ఏ హాజరుపట్టీలోనూ గడి ఉండదు.

మన దేశంలో 1986లో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపేశారు. 1993లో పాత లీజులు పొడిగించడం కూడా నిలిపారు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని చెప్పి, రాతినార పరిశ్రమల్లో పనిచేసిన ప్రతి ఒక్కరి ఆరోగ్య వివరాలనూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, మానేసిన తర్వాత 15 ఏళ్ళు గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. తీర్పు గొప్పది. వివరాలే రాయని చోట భద్రపరచడానికేముంటుంది?

గనులు మూసినా నార మాత్రం ఆగలేదు. రష్యా, కజకిస్తాన్ లాంటి దేశాల నుంచి దిగుమతి చేసుకుని, సిమెంటులో కలిపి రేకులు చేస్తూనే ఉన్నాం. గొడ్ల కొట్టం మీద, వంటింటి మీద, సైకిళ్ళ షెడ్డు మీద అవే. రేకు బాగున్నంతకాలం నార సిమెంటులో కట్టుబడి ఉంటుంది. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టి పారేసినప్పుడు లేస్తుంది. మన ప్రయోగశాలను గుర్తు చేసుకోండి. స్పిరిట్ దీపం మీద పెట్టే ఇనుప వలగుడ్డ మధ్యలో తెల్లటి గుండ్రం ఉండేది కదా? అది రాతినార. పాతబడితే పెచ్చులు రాలేవి. మనం ఊదేసేవాళ్ళం. సాయంత్రం మన అటెండరు చీపురుతో ఊడ్చేవాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక చాలా ఏళ్ళు నాకే తెలియదు.

బలపం విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. తోడబుట్టినవి కాబట్టి రెండూ ఒకేచోట కలిసి దొరకడం అరుదేమీ కాదు. ఆ అనుమానం మీదే అమెరికాలో వేలాది వ్యాజ్యాలు నడిచి, ఒక పెద్ద కంపెనీ 2023లో ప్రపంచమంతటా టాల్క్ పిల్లల పౌడరు అమ్మకం మానేసింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న జాబితాలో చేర్చింది. బలపం తిన్న మిత్రులు కంగారు పడొద్దు. అక్కడ చర్చంతా పీల్చడం గురించి, శరీరం మీద పౌడరు వాడకం గురించి.

మూడోది ముగ్గురాయి. పొడి తెల్లగా ముగ్గుపిండిలా ఉంటుందని ఆ పేరు వచ్చింది కాబోలు. ఇది బేరియం సల్ఫేట్. చేతిలోకి తీసుకుంటే ఉలిక్కిపడతాం. నీటికంటే నాలుగున్నర రెట్లు బరువు. బేరియం అన్న పేరే బరువు అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. వేంపల్లె డోలమైట్ పగుళ్ళలోకి వేడినీళ్ళు మోసుకొచ్చి నింపిన ఈ రాయిని వేముల, కొత్తపల్లె చుట్టుపక్కల సన్నని తీగల్లాంటి పొరల వెంట తవ్వారు. తర్వాత, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో కోట్ల టన్నుల నిక్షేపం బయటపడ్డాక పులివెందుల ముగ్గురాయి చిన్నబోయింది.

ఈ రాయికి చాలా పాత కథ ఉంది. 1603 ప్రాంతంలో ఇటలీలోని బొలోనా నగరంలో చెప్పులు కుట్టే విన్సెంజో కాషియరోలో అనే ఆయనకు రసవాదం పిచ్చి. బరువైన రాయి కనిపిస్తే అందులో బంగారం ఉందనుకుని బొగ్గుతో కాల్చాడు. బంగారం రాలేదు. కాల్చిన రాయి మాత్రం పగలు వెలుతురు చూపిస్తే రాత్రి చీకట్లో ఎర్రగా వెలిగింది. అది బేరియం సల్ఫైడ్. యూరప్ పండితులంతా కొన్ని దశాబ్దాలు ఆ రాయి చుట్టూ తిరిగారు.

ఇప్పుడు ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల్లోకి పోతుంది. లోపలి వాయువు ఎగతన్నకుండా బురదను బరువెక్కించడానికి. కానీ నాకు ఇష్టమైన ఉపయోగం ఆసుపత్రిలోది. కడుపు, పేగులు ఎక్స్‌రేలో కనిపించాలంటే రోగి చేత శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్ కలిపిన నీళ్ళు తాగిస్తారు. 1910 నుంచీ ఇదే పద్ధతి. విచిత్రం ఏమిటంటే కరిగే బేరియం లవణాలు విషం. బేరియం కార్బొనేట్‌ను ఎలుకల మందుగా వాడేవారు. సల్ఫేట్ నీటిలో గానీ కడుపులోని ఆమ్లంలో గానీ కరగదు కాబట్టి వచ్చిన దారినే పోతుంది. కార్బొనేట్ ఆ ఆమ్లంలో కరుగుతుంది. ఎలా కరుగుతుందో కడప బండ మీద చుక్క వేసి చూశాం కదా, అలాగే. 2003లో బ్రెజిల్‌లో ఒక మందుల తయారీలో సల్ఫేట్‌లో కార్బొనేట్ కలిసిపోయి, ఎక్స్‌రే కోసం తాగిన వాళ్ళలో ఇరవైమందికి పైగా చనిపోయారు. పరీక్షలో ‘ద్రావణీయత అంటే నేమి’ అన్న రెండు మార్కుల ప్రశ్న వస్తే విసుక్కునే పిల్లలకు ఈ సంగతి చెప్పేవాణ్ణి.

నాలుగోది యురేనియం. వేముల మండలం తుమ్మలపల్లెలో వేంపల్లె డోలమైట్ పొరలోనే ఉంది. గనిని, శుద్ధి కర్మాగారాన్ని భారత యురేనియం సంస్థ కట్టింది. కర్మాగారం 2012లో మొదలైంది. 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నులు ఖాయమనీ, అంతకు మూడింతలు ఉండవచ్చనీ చెప్పినప్పుడు మన పేరు ప్రపంచ పత్రికల్లో పడింది. నిల్వ పెద్దదే కానీ పలచన. టన్ను రాయిలో యురేనియం సుమారు నాలుగు వందల గ్రాములు మాత్రమే.

దాన్ని రాబట్టడంలో రసాయనం చాలా అందంగా ఉంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో రాతిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడ ఆమ్లం పోస్తే ఏమవుతుంది? డోలమైట్ మొత్తం ఆమ్లాన్ని తాగేసి బుడగలు కక్కుతుంది, యురేనియం దాకా చుక్క మిగలదు. పదో తరగతి ప్రయోగమే కర్మాగారం స్థాయిలో అడ్డుపడింది. అందుకని ఆమ్లం వదిలేసి సోడా పట్టుకున్నారు. మన రేవుల్లో బట్టలకు వాడిన చాకలి సోడానే, అంటే సోడియం కార్బొనేట్, దానికి తోడు సోడియం బైకార్బొనేట్. ఎక్కువ వేడి, ఒత్తిడి, ఆక్సిజన్ ఇచ్చి రాతిపిండిని ఉడికిస్తే డోలమైట్ చెక్కుచెదరదు, యురేనియం ఒక్కటే కార్బొనేట్‌తో జతకట్టి నీళ్ళలోకి దిగుతుంది. చివరికి పసుపుపచ్చని సోడియం డైయురేనేట్‌గా తీసి పంపుతారు. అణుబాంబు ఊహ కూడా లేని రోజుల్లో ఇదే పసుపును గాజు గ్లాసులకు, పూసలకు లేతాకుపచ్చ మెరుపు తేవడానికి వాడేవాళ్ళు.

లెక్క ఇంకొంచెం ముందుకు చేయాలి. కర్మాగారం మొదటి దశ సామర్థ్యం రోజుకు 3000 టన్నుల రాయి. అందులో ఉండే యురేనియం టన్నుకు కాస్త ఎక్కువ. మిగతా దాదాపు మొత్తం పిండై, బురదై వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసినా రేడియం వంటివి ఉండిపోతాయి కాబట్టి ధార్మికతలో చాలా భాగం ఆ బురదలోనే ఉంటుంది. చెరువు పక్కనున్న కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోరునీళ్ళు చెడ్డాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ళుగా చెబుతున్నారు. తమ చెరువు వల్ల కాదని సంస్థ చెబుతోంది. ఈ నేలలో యురేనియం సహజంగానే ఉందన్నది నిజం. అలాగే ఫ్యాక్టరీలో యురేనియాన్ని కరిగించే కార్బొనేటే భూగర్భజలంలో కూడా దాన్ని కరిగించి పట్టి ఉంచగలదన్నదీ నిజమే. ఏది ఎంత అన్నది కొలిస్తేనే తేలుతుంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంటుంది. ఆ అంకె పక్కన తన బోరు అంకె ఎంతో రైతుకు ఎవరైనా తెలుగులో కాగితం మీద రాసివ్వాలి. ఎందుకంటే యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ చడీచప్పుడు లేకుండా. బ్రాహ్మణపల్లెలో ఎవరూ రాసివ్వలేదు.

బడికి ఏమిస్తారని సంఘం అడిగింది. నేను ఒక చెక్కపెట్టె తయారు చేయించాను, పైన అద్దం మూత. అందులో నార్జి బండ ముక్క, వేంపల్లె డోలమైట్, బలపపు రాయి, ముగ్గురాయి ఉన్నాయి. పిల్లలు తీసి చూడొచ్చు, బరువు చూడొచ్చు, చుక్క వేసి చూడొచ్చు. రాతినార ముక్కను మాత్రం గాజు సీసాలో పెట్టి, మూత చుట్టూ మైనం కరిగించి పోసి, తెరవకూడదని ఎర్రసిరాతో రాశాను. ల్యాబు అలమరలో పాత వలగుడ్డలు ఇంకా ఉంటే వాటిని తడిగుడ్డలో చుట్టి, మందపాటి సంచిలో మూట కట్టి పక్కన పెట్టమని ఇప్పటి సైన్సు మాస్టారికి చెప్పాను. ఆరు ఉన్నాయట.